నిద్రలో అరిగే పళ్లకు డిజిటల్ కవచం

ఫ్లోరైడ్ నీటితో పంటి పింగాణీ బలహీనపడిన పావగడ సీమలో, రాత్రివేళ పళ్లు కొరికే అలవాటు తోడైతే నష్టం మరింత పెరుగుతుంది. నోటిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో రూపుదిద్ది, యంత్రంతో తయారుచేసే దంత తొడుగులు ఈ సరిహద్దు తాలూకాకు ఏ మేరకు అక్కరకు వస్తాయో, వాటి హద్దులు ఎక్కడ ఉన్నాయో వివరించే కథనం.

తుమకూరు జిల్లాకు చెందినదే అయినా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్న పావగడ తాలూకాలో, తెలుగు ఇంటి భాషగానూ కన్నడం బడి భాషగానూ సాగే ఆ మెట్టసీమలో, పళ్ల ఆరోగ్యానికి రెండు చిక్కులు చాలాకాలంగా అడ్డుపడుతున్నాయి. మొదటి చిక్కు నీటిది: రాతిపొరల్లోంచి బోరుబావులు తోడిపోసే నీటిలో ఫ్లోరైడ్ మితిమీరి ఉండడం వల్ల, చిన్ననాటి నుంచి ఆ నీటినే తాగి పెరిగినవారి పళ్ల మీద తెల్లని చారలూ గోధుమరంగు మచ్చలూ ఏర్పడి, తీవ్రమైన సందర్భాల్లో పంటి పైపొర పెళుసుబారి పెచ్చులుగా రాలిపోతుంది. రెండో చిక్కు దూరానిది: దంతవైద్య కళాశాల ఉన్న తుమకూరు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉండగా, అక్కడికి మధుగిరి మీదుగా పోయే దారి మధ్యలో కొంతమేర ఆంధ్ర నేలను కూడా దాటవలసి ఉండగా, బెంగళూరు అంతకంటే చాలా దూరం కావడంతో, ఒకటికి నాలుగుసార్లు తిరగవలసిన దంతచికిత్స ఏదైనా కూలికి పోయే కుటుంబానికి భారమే అవుతుంది.

నిద్రలో పళ్లు కొరికేవారికి వేసే రక్షణ తొడుగు సరిగ్గా అలాంటి చికిత్సే. దంతవైద్యులు స్ప్లింట్ అనీ, వాడుకలో నైట్ గార్డ్ అనీ పిలిచే ఈ తొడుగును ఒకే నోటికి, ఒకే కొలతతో, వెంట్రుకవాసి తేడా లేకుండా తయారు చేయాలి. గత రెండు దశాబ్దాలలో స్కానర్లు, రూపకల్పన సాఫ్ట్‌వేర్, త్రీడీ ప్రింటర్లు ఈ పనిని సమూలంగా మార్చాయి. రోగి నగరానికి వెళ్లనక్కర లేకుండా అతని నోటి కొలత మాత్రమే వెళ్లి రావడానికి ఈ మార్పు వీలు కల్పించింది కాబట్టి, పావగడ వంటి తాలూకా దీన్ని శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది.

నిద్రలో దవడల పని

పళ్లు కొరకడాన్ని వైద్యపరిభాషలో బ్రక్సిజం అంటారు. ఇది రెండు విధాలు: నిద్రలో దవడ కండరాలు లయబద్ధంగానో బిగదీసుకునో పనిచేయడం ఒకటి, మెలకువగా ఉన్నప్పుడు తెలియకుండానే పళ్లను బిగపట్టుకోవడం మరొకటి. 2018లో వివిధ దేశాల నిపుణులు కలిసి ప్రకటించిన ఏకాభిప్రాయం ప్రకారం, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న మనిషిలో దీన్ని వ్యాధిగా కాక ఒక కండర చర్యగా చూడాలి. అది కొందరికి ఏ హానీ చేయకపోవచ్చు, కొందరిలో మాత్రం పళ్ల అరుగుదలకూ దవడ నొప్పికీ దారితీయవచ్చు. 2013లో వెలువడిన ఒక సమీక్ష, పెద్దవారిలో సుమారు 13 శాతం మంది నిద్రలో పళ్లు కొరుకుతారని అంచనా వేసింది. పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించి, వయసుతోపాటు తగ్గుతూ వస్తుంది.

నమిలేటప్పుడు పళ్ల మధ్య ఆహారం ఉంటుంది, నొప్పి కలిగితే దవడ వెంటనే వెనక్కి తగ్గుతుంది. నిద్రలో ఈ రెండు రక్షణలూ ఉండవు. 2001లో జపాన్ పరిశోధకులు నిద్రలో పడే ఒత్తిడిని కొలిచినప్పుడు, అది ఒక్కో విడతలో సగటున 22 కిలోల బరువుతో సమానంగా ఉండి, అత్యధికంగా 42 కిలోల వరకు చేరింది. ఒక్కో విడత సగటున ఏడు సెకన్లు సాగింది. ఇలాంటి విడతలు రాత్రికి పలుమార్లు, ఏళ్ల తరబడి జరిగితే, శరీరంలోనే అత్యంత గట్టిదైన పింగాణీ పొర సైతం అరిగిపోయి, దాని కింద పసుపురంగులో ఉండే మెత్తని డెంటిన్ పొర బయటపడుతుంది.

నిద్రలో పళ్లు కొరికే పిల్లలకు కడుపులో నులిపురుగులు ఉన్నట్టేనని పల్లెల్లో పెద్దలు నమ్ముతారు. నులిపురుగుల మందు వేయించడం పిల్లల ఆరోగ్యానికి మేలు చేసే పనే అయినా, పళ్లు కొరకడానికి అదే కారణమని చెప్పగల బలమైన ఆధారం లేదు. నిద్ర మధ్యలో మెదడు క్షణకాలం మేల్కొనడం, ఆ వెంటనే గుండె వేగం పెరగడం, దాని తరువాత దవడ కండరాలు కదలడం అనే క్రమాన్ని నిద్ర పరీక్షలు చూపించాయి. మానసిక ఒత్తిడి, పొగతాగడం, మద్యం, కాఫీ టీలు అతిగా తీసుకోవడం, కుంగుబాటుకు వాడే కొన్ని రకాల మందులు, నిద్రలో శ్వాస ఆగిపోయే గురక వ్యాధి దీనికి తోడవుతున్నట్టు పరిశోధనలు సూచిస్తున్నాయి.

పావగడ నీరు, పావగడ పళ్లు

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఈ హద్దు దాటిన నీటికి పావగడ తాలూకా కర్ణాటకలో చాలాకాలంగా పేరుపడింది. తెలుగువారికి ఈ బాధ కొత్తది కాదు. 1937లోనే షార్ట్ అనే వైద్య పరిశోధకుడు తన సహచరులతో కలిసి, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలను వంచేసే ఫ్లోరోసిస్‌ను నమోదు చేశాడు. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి ప్రతీకగా మారి, సున్నం, పటిక కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి తన పేరునే ఇచ్చింది.

పంటి పింగాణీ తయారయ్యేది చిన్నతనంలో, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో అధిక ఫ్లోరైడ్ శరీరంలో చేరితే పింగాణీలో ఖనిజాలు నిండుగా కూరుకోక, పైపొర గట్టిగా కనిపిస్తున్నా దాని అడుగున సూక్ష్మ రంధ్రాలతో కూడిన బలహీనమైన పొర మిగిలిపోతుంది. అలాంటి పన్ను మొలిచాక నమలడంలో కలిగే ఒత్తిడికే అక్కడక్కడ గుంటలు పడుతుంది. దానిమీద రాత్రివేళ కొరికే ఒత్తిడి కూడా పడితే, ఆరోగ్యవంతమైన పన్ను తట్టుకోగలిగిన దాన్ని ఇది తట్టుకోలేకపోవచ్చు.

అందుకే ఈ ప్రాంతంలో అరిగిన పన్నును చూడగానే కొరుకుడు అలవాటని తేల్చడం పొరపాటు. పళ్లు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల కలిగే అరుగుదలలో పై పన్ను, కింది పన్ను సరిగ్గా ఒకదానికొకటి అతికే చదునైన, నున్నని తలాలు ఏర్పడతాయి. ఫ్లోరోసిస్‌లో మచ్చలు, చారలు కుడి ఎడమ వైపుల జంట పళ్ల మీద ఒకే తీరుగా కనిపిస్తాయి, రాలిన చోట అంచులు గరుకుగా ఉంటాయి. పులుపు ఎక్కువగా తినడం వల్లనో, కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం వల్లనో పన్ను కరిగితే దాని మీద చిన్న చిన్న దోసిళ్ల వంటి గుంటలు పడతాయి. ఇటుకపొడితోనో ఇసుక కలిసిన బూడిదతోనో తోముకునేవారి పళ్లు చిగురు దగ్గర గాట్లు పడి కనిపిస్తే, వక్క నమిలేవారి దవడపళ్లు తల మీద అరుగుతాయి. ఒకే నోటిలో ఈ కారణాలు మూడు నాలుగు కలిసి ఉండడం కూడా సాధారణమే కాబట్టి, వైద్యుడు కళ్లతో చూడడంతో ఆగక, రోగి అలవాట్లను రోగి మాట్లాడే భాషలోనే అడిగి తెలుసుకోవాలి. నిద్రలో వినిపించే శబ్దం గురించి పక్కన పడుకునే ఇంటివారినీ విచారించాలి.

తొడుగు ఏం చేస్తుంది, ఏం చేయదు

పళ్ల మధ్య ఒక గట్టి తొడుగు పెట్టి వాటిని కాపాడవచ్చునన్న ఆలోచనను 1901లో వియన్నాకు చెందిన కరోలీ అనే దంతవైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. అప్పట్లో తొడుగును గంధకంతో గట్టిపరిచిన రబ్బరుతో చేసేవారు. తరువాత యాక్రిలిక్ ప్లాస్టిక్ వచ్చింది. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో రామ్‌ఫోర్డ్, ఆష్ అనే ఆచార్యులు తీర్చిదిద్దిన నమూనా నేటికీ ప్రామాణికంగా నిలిచింది. ఆ తొడుగు ఒక దవడలోని పళ్లన్నిటినీ కప్పుతుంది, ఎదుటి దవడలోని పళ్లన్నీ దాని చదునైన తలాన్ని ఒకేసారి సమానంగా తాకుతాయి, దవడను పక్కకు జరిపినప్పుడు కోరపన్ను మాత్రమే ఒక వాలు మీద జారుతూ వెనుక పళ్లను విడదీస్తుంది. సాధారణంగా తలం మందం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది.

ఈ వివరాలలో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కొన్ని పళ్లనే కప్పే చిన్న తొడుగును దీర్ఘకాలం వాడితే, ఎదుటి పంటి ఆనుడు దొరకని పళ్లు నెమ్మదిగా బయటికి పెరిగి, మొత్తం కాటే మారిపోయే ప్రమాదం ఉంది. మందుల దుకాణాల్లో దొరికే, వేడినీటిలో మెత్తబరిచి కొరికి సరిచేసుకునే మెత్తని తొడుగులు చవకే అయినా వాటిపై పూర్తిగా ఆధారపడలేం. 1987లో ఒకీసన్ అనే పరిశోధకుడు పదిమందిని పరీక్షించగా, గట్టి తొడుగు ఎనిమిదిమందిలో రాత్రి కండర చర్యను తగ్గించింది. మెత్తని తొడుగు ఐదుగురిలో దాన్ని పెంచింది.

తొడుగు పంటి అరుగుదలను తన మీద వేసుకుంటుందే తప్ప, కొరికే అలవాటును మాన్పించదు. 2007లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష, నిద్రలో పళ్లు కొరకడాన్ని తొడుగులు నయం చేస్తాయని చెప్పడానికి తగిన ఆధారం లేదనీ, పంటి అరుగుదల విషయంలో కొంత మేలు ఉండవచ్చుననీ తేల్చింది. గురకతో శ్వాస ఆగే రోగులలో కొందరికి పై దవడ తొడుగు వల్ల ఆ బాధ పెరగవచ్చునని 2004లో కెనడా పరిశోధకులు చూపారు. అందువల్ల రోగికి నిద్రలో శ్వాస ఆగుతోందా, పగలు మగతగా ఉంటోందా అని అడగకుండా తొడుగు ఇవ్వడం సరికాదు.

మైనం నుంచి కిరణాల దాకా

పాత పద్ధతిలో తొడుగు తయారీ కట్టుడుపళ్ల తయారీని పోలి ఉంటుంది. ఆల్జినేట్ అనే మెత్తని ముద్దను పళ్లెంలో వేసి నోట్లో అదిమి అచ్చు తీస్తారు, ఆ అచ్చులో గట్టి జిప్సం పోసి నమూనా చేస్తారు, రెండు దవడల నమూనాలను ఆర్టిక్యులేటర్ అనే కీలు పరికరంలో బిగిస్తారు, మైనంతో తొడుగు రూపం దిద్ది, మైనాన్ని కరిగించి తొలగించి ఆ ఖాళీలో యాక్రిలిక్‌ను వేడితో గట్టిపరుస్తారు. ప్రతి మెట్టు దగ్గరా కొంత కొలత తప్పుతుంది. ఆల్జినేట్ ఆరిపోయి కుంచించుకుపోతుంది కనుక అచ్చులో వెంటనే జిప్సం పోయాలి. యాక్రిలిక్ గట్టిపడేటప్పుడు సహజంగానే కొంత సంకోచిస్తుంది. పని నేర్చిన దంత టెక్నీషియన్ ఈ లోపాలను చేతి నేర్పుతో సవరిస్తాడు, కానీ అలాంటి ల్యాబ్‌లు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి.

డిజిటల్ మార్గానికి పునాది 1973లో పడింది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫ్రాన్స్వా డ్యూరే తన పరిశోధన గ్రంథంలో కాంతితో పంటి అచ్చు తీయడాన్ని ప్రతిపాదించాడు. 1985లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మన్ ఆ ఆలోచనను రోగి కుర్చీ పక్కనే పనిచేసే యంత్రంగా మార్చాడు. ద్రవ రెసిన్‌ను కాంతితో పొరలుపొరలుగా గట్టిపరిచే త్రీడీ ముద్రణకు అమెరికాలో చక్ హల్‌కు 1986లో పేటెంటు లభించింది. ఈ మూడు పాయలూ కలిసినదే నేటి డిజిటల్ స్ప్లింట్ తయారీ.

మొదటి మెట్టు స్కానింగ్. పెన్ను కంటే కొంచెం లావైన స్కానర్ కొసను పళ్ల మీదుగా నడిపితే, అది సెకనుకు అనేక చిత్రాలు తీసి, బొంత కుట్టినట్టుగా ఒకదాని అంచును మరొకదాని అంచుతో కలుపుతూ దవడ మొత్తం రూపాన్ని తెరమీద నిలుపుతుంది. అతుకుల్లో చోటుచేసుకునే చిన్న చిన్న తేడాలు దవడ చివరికి వచ్చేసరికి పోగుపడతాయి కనుక, యంత్ర నిర్మాత సూచించిన వరుసలోనే స్కానర్‌ను నడపడం, ఉమ్మిని తుడుస్తూ ఉండడం, నాలుకనూ బుగ్గనూ దూరంగా పట్టడం అవసరం. వాంతి వచ్చినట్టుండే రోగులకు అచ్చు ముద్ద కంటే ఇది ఎంతో సుఖం.

రెండో మెట్టు రెండు దవడల మధ్య సంబంధాన్ని నమోదు చేయడం. తొడుగు మంచిదా చెడ్డదా అన్నది అన్నిటికంటే ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది. రోగిని మామూలుగా పళ్లు కరవమని స్కాన్ చేస్తే, ఆ తరువాత కంప్యూటర్ తన లెక్కతో దవడను తెరవవలసి వస్తుంది. ఆ రోగి దవడ కీలు నిజంగా ఎక్కడ తిరుగుతుందో కంప్యూటర్‌కు తెలియదు కనుక అక్కడ తప్పు చొరబడుతుంది. దీన్ని తప్పించడానికి, లీఫ్ గేజ్ అనే పలుచని ప్లాస్టిక్ రేకుల కట్టను ముందుపళ్ల మధ్య ఉంచి, తొడుగుకు కావలసినంత ఎడం వచ్చేలా దవడను తెరిపించి, కండరాలు సడలిన ఆ స్థితిలోనే రెండు వైపులా స్కాన్ చేస్తారు.

మూడో మెట్టు రూపకల్పన. స్కాన్ వివరాలు ఎస్‌టీఎల్ అనే ఫైలుగా, అంటే వేలాది చిన్న త్రికోణాలతో అల్లిన ఉపరితలంగా సాఫ్ట్‌వేర్‌లోకి చేరతాయి. తొడుగు ఏ దారిన పళ్ల మీదికి దిగాలో రూపకర్త మొదట నిర్ణయిస్తాడు. ఆ దారికి అడ్డుపడే పంటి వంపుల కింది ఖాళీలను పూడుస్తాడు, పట్టు కోసం కొన్నింటిని కొద్దిగా మిగులుస్తాడు. పంటికీ తొడుగుకూ మధ్య మిల్లీమీటరులో పదో వంతుకు మించని సందు ఉంచి, మందం నిర్ణయించి, తెరమీది ఆర్టిక్యులేటర్‌లో దవడను ఆడించి, ఎదుటి పళ్లు ఎక్కడెక్కడ తాకుతాయో రంగుల్లో చూసుకుంటూ తలాన్ని సరిచేస్తాడు.

చెక్కడమా, ముద్రించడమా

రూపం సిద్ధమైన తరువాత తయారీకి రెండు దారులు ఉన్నాయి. మిల్లింగ్‌లో, కర్మాగారంలో అధిక ఒత్తిడి మీద ముందే గట్టిపరిచిన పీఎంఎంఏ అనే యాక్రిలిక్ బిళ్ల నుంచి యంత్రం తొడుగును చెక్కుతుంది. ఈ బిళ్ల సాధారణంగా 98 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. తయారయ్యాక సంకోచించే అవకాశం లేకపోవడం, గట్టిపడకుండా మిగిలే రసాయనం చాలా తక్కువగా ఉండడం, అరుగుదలను బాగా తట్టుకోవడం దీని గుణాలు. యంత్రం ఖరీదు, చెక్కగా వృథా అయ్యే పదార్థం దీని లోపాలు.

ముద్రణలో, 385 లేదా 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి ద్రవ రెసిన్‌ను 50 నుంచి 100 మైక్రాన్ల పొరలుగా గట్టిపరుస్తుంది. యంత్రం చవక, వృథా తక్కువ, ఒకేసారి పలువురి తొడుగులు ముద్రించవచ్చు. అయితే యంత్రం ఆగడంతో పని ముగియదు. ముద్రించిన తొడుగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, ఆరబెట్టి, ప్రత్యేక దీపపు పెట్టెలో తగినంతసేపు ఉంచి పూర్తిగా గట్టిపరచాలి. ఈ పని తొందరగా ముగిస్తే, గట్టిపడని రసాయనం నోటిలోకి ఊరుతుంది, తొడుగు కూడా త్వరగా అరుగుతుంది. నోటిలో వాడడానికి అనుమతి పొందిన రెసిన్‌నే వాడాలి, బొమ్మలు ముద్రించే రెసిన్ ఎంత చవకగా దొరికినా దాన్ని తాకకూడదు. బలంగా కొరికేవారికి చెక్కిన తొడుగు, కొద్దికాలం పరీక్షగా వాడి చూసేవారికి ముద్రించిన తొడుగు తగినవని స్థూలంగా చెప్పవచ్చు. రెండు దారుల్లోనూ ఫైలు భద్రంగా ఉంటుంది కనుక, తొడుగు విరిగినా పోయినా, ఆలోగా పళ్లు మారకపోతే మళ్లీ కొలత తీయకుండానే మరొకటి తయారవుతుంది.

సరిహద్దు తాలూకాకు దారి

స్కానర్ ఒక్కటి పావగడలో ఉంటే, మిగిలిన యంత్రాలన్నీ అక్కడే ఉండనక్కర లేదు. నాగలమడికె నుంచో వై.ఎన్. హొసకోట నుంచో వచ్చిన రోగిని తాలూకా కేంద్రంలోని దంతవైద్యుడు పరీక్షించి స్కాన్ చేస్తే, ఆ ఫైలు తుమకూరులోనో బెంగళూరులోనో అనంతపురంలోనో ఉన్న రూపకర్తను నిమిషాల్లో చేరుతుంది. తయారైన తొడుగు పార్సిల్‌లో తిరిగి వస్తుంది. రోగి రెండోసారి రావలసింది తన తాలూకా కేంద్రానికే. తుమకూరులోని శ్రీ సిద్ధార్థ దంతవైద్య కళాశాల వంటి బోధనాసంస్థలు తమ గ్రామీణ శిబిరాలకు ఒక స్కానర్‌ను తీసుకువెళితే, తొడుగులకే కాక కట్టుడుపళ్లకూ ఫ్లోరోసిస్ మచ్చల నమోదుకూ అది పనికివస్తుంది.

ఈ ఏర్పాటుకు విద్యుత్తు కీలకం. సుమారు 13,000 ఎకరాల్లో విస్తరించి 2,050 మెగావాట్ల సామర్థ్యంతో నిలిచిన సౌరవిద్యుత్ పార్కు తిరుమణి పరిసరాల్లో ఉన్న ఈ తాలూకాలో, ప్రింటర్ నడిచే క్లినిక్‌కు అంతరాయం లేని కరెంటు అందించడం అసాధ్యమైన కోరిక కాదు. ముద్రణ మధ్యలో కరెంటు పోతే ఆ తొడుగు చాలాసార్లు వృథా అవుతుంది కనుక, బ్యాటరీ ఆధారం లేకుండా ప్రింటర్ కొనడం తెలివైన పని కాదు.

సాంకేతికత తీర్చలేని అవసరాలు కూడా ఇక్కడే బయటపడతాయి. తొడుగు ఎంత కచ్చితంగా తయారైనా, నోట్లో పెట్టాక రంగు కాగితం కరిపించి ఏ పన్ను ముందుగా తాకుతోందో చూసి అరగదీయడం దంతవైద్యుడి చేతిపనే. వారం పది రోజులకు ఒకసారి, తరువాత కొన్ని నెలలకు ఒకసారి అది సరిచూసుకోవాలి. ఫ్లోరోసిస్‌తో అంచులు రాలిన పళ్లకు ముందుగా పూత పూసి సరిచేసి, ఆ తరువాతే స్కాన్ చేయాలి. ఆ వరుస తప్పితే, పళ్ల రూపం మారాక పాత కొలతతో చేసిన తొడుగు పట్టదు. పింగాణీ బలహీనంగా ఉన్నచోట ఆ పూత అంటుకోవడమూ కష్టమే కాబట్టి, దానికి వైద్యుడి అనుభవం కావాలి. ఈ పనుల్లో ఏదీ ఫైలుగా మారి నగరానికి పోదు. కాబట్టి పావగడకు కావలసింది యంత్రం కంటే ముందు, ఆ యంత్రాన్ని వాడటం నేర్చి, తాలూకాలోనే స్థిరపడి, రోగులను ఏళ్ల తరబడి చూసే దంతవైద్యులు.

మూలకారణమైన నీటిని మరచి తొడుగుల గురించి మాత్రమే మాట్లాడడం న్యాయం కాదు. తుంగభద్ర వెనుక జలాలను పావగడ గ్రామాలకు చేర్చే బహుగ్రామ తాగునీటి పథకం ప్రతి ఇంటికీ నిలకడగా నీరు ఇవ్వగలిగితే, ఇప్పుడు పాలపళ్లతో ఉన్న పిల్లల శాశ్వత దంతాలకు తల్లిదండ్రుల పళ్ల గతి పట్టకుండా ఉంటుంది. ఇప్పటికే ఏర్పడిన పింగాణీని ఆ నీరు బాగుచేయలేదు కాబట్టి, ఆ పెద్దల పళ్లను మిగిలిన జీవితమంతా నిలిపి ఉంచే బాధ్యత దంతవైద్యానిది.

తొడుగు వాడేవారు గుర్తుంచుకోవలసినవి

ఉదయాన్నే లేచినప్పుడు దవడ బిగుతుగా ఉండడం, కణతల దగ్గర నొప్పి, చల్లటి నీటికి పళ్లు జివ్వుమనడం, పక్కవారికి కొరుకుడు శబ్దం వినిపించడం కనిపిస్తే దంతవైద్యుణ్ని కలవాలి.

పెరుగుతున్న పిల్లలకు సాధారణంగా తొడుగు వేయరు. పళ్లు, దవడలు మారుతూ ఉంటాయి కనుక గమనిస్తూ ఉండడమే మేలు.

తొడుగును చల్లని నీటితో, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి పెట్టెలో దాచాలి. వేడినీటిలో వేస్తే, ఎండలో పెడితే అది వంకరపోతుంది.

పగటిపూట పెదవులు మూసి ఉన్నా పళ్లు ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. పళ్లు బిగుసుకున్నట్టు గమనించిన ప్రతిసారీ దవడను వదులు చేయడం అలవాటు చేసుకోవాలి.

సమీక్షకు వెళ్లిన ప్రతిసారీ తొడుగును వెంట తీసుకువెళ్లాలి. పళ్లు కలిసే తీరు మారినట్టు అనిపిస్తే వాడకం ఆపి వైద్యుడికి చూపించాలి.

పంటి అరుగుదల నొప్పి లేకుండా మొదలై, కనిపించేనాటికి తిరిగి పూడ్చలేని నష్టంగా మారుతుంది. దాన్ని ముందే పసిగట్టగల వైద్యుడు అందుబాటులో ఉంటే, ఆ వైద్యుడి చేతిలో కొలతను దూరానికి పంపగల సాధనం ఉంటే, ఇన్నాళ్లూ నగరవాసికి మాత్రమే అందిన చికిత్స పావగడ పల్లెవాసికీ అదే నాణ్యతతో అందుతుంది. దంతవైద్య విద్యాసంస్థలూ ప్రజారోగ్య శాఖలూ సరిహద్దు తాలూకాలను లెక్కలోకి తీసుకుని ప్రణాళిక వేస్తే, ఆ పని ఈ తరంలోనే జరగగలదు.